యుద్ధనౌకలో కొత్త మహిళా ఆఫీసర్.. 24 గంటలు ఎలా గడుస్తాయి? అర్ధరాత్రి వాచ్ నుంచి నీళ్ల లెక్క దాకా పూర్తి వివరాలు

నేవీ అనగానే తెల్లటి యూనిఫాం, వరసగా నిలబడ్డ యుద్ధనౌకలు, విశాఖ ఆర్కే బీచ్‌లో ఏళ్లుగా జనం చూస్తున్న నేవీ డే విన్యాసాలు గుర్తొస్తాయి. తీరం కనుమరుగయ్యాక ఆ నౌక లోపల జీవితం ఎలా ఉంటుందో మాత్రం బయటివాళ్లకు పెద్దగా తెలియదు. అందులోనూ ట్రైనింగ్ ముగించుకుని, భుజాన సబ్ లెఫ్టినెంట్ పట్టీతో మొదటిసారి షిప్ ఎక్కిన ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి రోజు ఎలా మొదలవుతుంది? ఎప్పుడు పడుకుంటుంది? స్నానానికి నీళ్లు దొరుకుతాయా? తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లయిన సెయిలర్లతో పని ఎలా చేయిస్తుంది? అన్నిటికీ మించి, వందల మంది ప్రాణాలున్న నౌకను అర్ధరాత్రి ఆమె చేతుల్లో ఎప్పుడు పెడతారు? ఇవీ ఆ వివరాలు.

షిప్ దాకా రావడానికే పాతికేళ్లు పైనే

భారత నౌకాదళంలో డాక్టర్లుగా మహిళలు ముందు నుంచే ఉన్నారు. మిగతా విభాగాల తలుపులు తెరుచుకున్నది మాత్రం 1990ల్లోనే. 1957 నాటి నేవీ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన విభాగాల్లో తప్ప మహిళలకు నేవీలో చోటు లేదు. 1991 అక్టోబరులో లాజిస్టిక్స్, లా, ఎడ్యుకేషన్ విభాగాలకు ఆ నోటిఫికేషన్ వచ్చింది. 1992లో మొదటి బ్యాచ్ చేరింది. 1990ల చివర్లో కొద్దిమందిని నౌకల మీదికి పంపినా ఆ ప్రయత్నం ఎంతోకాలం సాగలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మహిళా ఆఫీసర్లు అంటే ఒడ్డున ఉండే ఉద్యోగాలే.

ఈ విషయంలో మలుపు 2020లో వచ్చింది. ఆ ఏడాది మార్చి 17న సుప్రీంకోర్టు లెఫ్టినెంట్ కమాండర్ ఆనీ నాగరాజా కేసులో తీర్పు చెప్పింది. నేవీలోని మహిళా ఆఫీసర్లకు మగవాళ్లతో సమానంగా పర్మనెంట్ కమిషన్ ఇవ్వాల్సిందేనని స్పష్టం చేసింది. రష్యా నుంచి వచ్చిన పాత నౌకల్లో ఆడవాళ్లకు బాత్‌రూమ్‌లు లేవు, అందుకే సముద్రం మీదికి పంపలేమన్న వాదన కూడా ఆ కేసులో వినిపించింది. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో సబ్ లెఫ్టినెంట్లు కుముదిని త్యాగి, రీతి సింగ్ నేవీ హెలికాప్టర్లలో అబ్జర్వర్లుగా ఎంపికయ్యారు. యుద్ధనౌకల మీద నుంచి హెలికాప్టర్లలో పనిచేసే డ్యూటీకి మహిళలు ఎంపిక కావడం అదే తొలిసారి. వీరిలో రీతి సింగ్‌ది హైదరాబాద్. ఆ తర్వాత కొద్ది నెలలకే విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రమాదిత్య మీదికి, తూర్పు నౌకాదళానికి చెందిన ట్యాంకర్ నౌక ఐఎన్‌ఎస్ శక్తి మీదికి మహిళా ఆఫీసర్లను పంపారు. 2022 సెప్టెంబర్ 2న సేవల్లోకి వచ్చిన ఐఎన్‌ఎస్ విక్రాంత్‌లో అయితే మహిళల కోసం ప్రత్యేక క్యాబిన్లు డిజైన్ దశలోనే పెట్టారు. 262 మీటర్ల పొడవు, 2,300 దాకా గదులున్న నౌక అది. కానీ అన్ని షిప్‌లూ అంత పెద్దవి కావు. కొత్త ఆఫీసర్‌కు దొరికేది ఎక్కువగా ఇరుకు ఇల్లే.

మొదటి వారం.. దారి తప్పడమే పని

కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో ట్రైనింగ్ అయ్యాక కొత్త ఆఫీసర్లు సముద్రం మీద శిక్షణకు, తర్వాత ఫ్లీట్ నౌకలకు వెళ్తారు. షిప్ ఎక్కిన కొత్తలో అందరికీ ఒకటే సమస్య. దారి దొరకదు. ఏ కారిడార్ చూసినా ఒకేలా ఉంటుంది. నిట్టనిలువు ఇనుప నిచ్చెనలు, వంగి దూరాల్సిన తలుపులు, తల మీద పైపులు, కేబుళ్లు. మోకాళ్లకు దెబ్బలు తగలడం, నుదుటికి బొప్పి కట్టడం మామూలే.

అయితే దారులు నేర్చుకోవడం కేవలం సౌకర్యం కోసం కాదు. కరెంటు పోయి, పొగ కమ్మేసినప్పుడు చీకట్లో తడుముకుంటూ డెక్ మీదికి రాగలగాలి. అందుకే కొత్తవాళ్లకు ఒక టాస్క్ బుక్ ఇస్తారు. ఇంజిన్ రూమ్‌లో ఏ పంపు ఎక్కడుంది, మంటలార్పే గొట్టాలు ఎక్కడ కలుస్తాయి, ఏ తలుపు మూస్తే నీళ్లు ఎక్కడిదాకా ఆగుతాయి అన్నీ స్వయంగా తిరిగి చూసి, బొమ్మ గీసి, ఆ విభాగం పెద్దతో సంతకం పెట్టించుకోవాలి. ఆ సంతకాలు ఊరికే రావు. ప్రశ్నలు అడుగుతారు. తెలియకపోతే మళ్లీ రమ్మంటారు.

క్యాబిన్ విషయానికొస్తే, జూనియర్లకు సొంత గది అరుదు. ఇద్దరికో, అంతకన్నా ఎక్కువ మందికో కలిపి ఒక గది. ఒకదాని మీద ఒకటి బంకులు, ఒక చిన్న అల్మరా, మడత పెట్టే బల్ల. షిప్‌లో మహిళా ఆఫీసర్లు ఎంతమంది ఉంటే అంతమందికీ కలిపి ఒకటో రెండో క్యాబిన్లు కేటాయిస్తారు. కిటికీ ఉంటుందన్న గ్యారంటీ లేదు. పగలో రాత్రో గడియారం చూసి తెలుసుకోవాల్సిందే. వస్తువేదీ బల్ల మీద వదిలేయకూడదు. షిప్ ఒక్కసారి ఒరిగితే కప్పు, ల్యాప్‌టాప్, పుస్తకం అన్నీ నేల మీదే ఉంటాయి.

ఇక్కడ రోజుకు 7 వాచ్‌లు

సముద్రంలో ఆఫీస్ టైమ్ అంటూ ఉండదు. 24 గంటలను వాచ్‌లుగా విడగొడతారు. రాత్రి 8 నుంచి 12, 12 నుంచి తెల్లవారుజాము 4, 4 నుంచి ఉదయం 8, 8 నుంచి మధ్యాహ్నం 12, 12 నుంచి సాయంత్రం 4. ఇవి నాలుగేసి గంటల వాచ్‌లు ఐదు. సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉన్న సమయాన్ని మాత్రం రెండేసి గంటల చొప్పున రెండు ముక్కలు చేస్తారు. వీటిని డాగ్ వాచ్‌లు అంటారు. మొత్తం 7.

ఎందుకిలా? లెక్క చాలా సులువు. డ్యూటీ చేసే జట్లు మూడు అనుకుంటే, రోజుకు ఆరు వాచ్‌లైతే ప్రతి జట్టుకూ రోజూ అవే వేళలు వస్తాయి. అంటే ఒక జట్టు రోజూ అర్ధరాత్రి 12కే లేవాలి. ఏడు చేస్తే మూడుతో సమంగా భాగం పోదు. దాంతో వేళలు రోజూ ముందుకు జరుగుతాయి. ఇవాళ అర్ధరాత్రి డ్యూటీ చేసినవాళ్లకు రేపు రాత్రి 8కే పడుతుంది. కష్టం అందరికీ సమానంగా పంచడానికి వందల ఏళ్ల కిందటి నావికులు కనిపెట్టిన ఉపాయం ఇది. ఇప్పుడు కొన్ని నౌకల్లో వేరే పద్ధతులూ ఉన్నాయి కానీ మూలసూత్రం ఇదే.

మరి నిద్ర సంగతేంటి? అర్ధరాత్రి వాచ్ ఉన్న రోజు కొత్త ఆఫీసర్ రాత్రి భోంచేసి 8:30కల్లా పడుకోవాలి. 11:15కు లేచి, 11:45కల్లా బ్రిడ్జి మీద ఉండాలి. తెల్లవారుజామున 4కు దిగి పడుకుంటే రెండున్నర, మూడు గంటల నిద్ర. 8 గంటలకు మళ్లీ సొంత విభాగం పని మొదలు. మధ్యాహ్నం 12కు మళ్లీ వాచ్. ముక్కలు ముక్కలుగా పడుకోవడం అలవాటు చేసుకోలేని వాళ్లకు మొదటి నెల నరకమే. తీరం మీద రాత్రి డ్యూటీ చేసినవాళ్లు మర్నాడు ఇంటికెళ్లి పడుకుంటారు. ఇక్కడ ఇల్లూ, ఆఫీసూ, రోడ్డూ ఒకటే. వెళ్లడానికి వేరే చోటు లేదు.

చీకటి గదిలో నాలుగు గంటలు

నౌకను నడిపే చోటును బ్రిడ్జి అంటారు. కెప్టెన్ తరఫున అక్కడ నిలబడి నౌక భద్రతకు బాధ్యత తీసుకునే వ్యక్తి ఆఫీసర్ ఆఫ్ ద వాచ్. కొత్త ఆఫీసర్ మొదట్లో వీరి పక్కన నిలబడి నేర్చుకుంటుంది.

రాత్రిళ్లు బ్రిడ్జి మీద లైట్లు వెయ్యరు. మహా అయితే మసక ఎర్ర దీపాలు. కారణం కళ్లు. వెలుతురులోంచి వచ్చిన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకే వాచ్ అప్పగించుకోవడానికి కనీసం పావుగంట ముందే రావాలి. వచ్చీ రాగానే బాధ్యత తీసుకోకూడదు. నౌక ఎటు వెళ్తోంది, వేగం ఎంత, చుట్టూ ఏయే ఓడలున్నాయి, ఏది దగ్గరికొస్తోంది, కెప్టెన్ రాత్రి పుస్తకంలో ఏం ఆదేశాలు రాశారు.. అన్నీ చూసుకున్నాకే బాధ్యత తీసుకున్నట్టు గట్టిగా చెప్పాలి. అది లాగ్‌లో నమోదవుతుంది. ఆ క్షణం నుంచి ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది ఆమే.

సముద్రం మీద రోడ్డు గీతలుండవు, సిగ్నళ్లుండవు. కానీ నియమాలుంటాయి. నౌకకు ఎడమ వైపు ఎర్ర దీపం, కుడి వైపు పచ్చ దీపం ఉంటుంది. ఎడమను పోర్ట్ అని, కుడిని స్టార్‌బోర్డ్ అని అంటారు. ఇంజిన్‌తో నడిచే రెండు ఓడలు అడ్డంగా దాటేటప్పుడు, ఎవరికి ఎదుటి ఓడ తమ కుడి వైపున కనిపిస్తుందో వాళ్లే తప్పుకోవాలి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి.

ఢీకొనే ప్రమాదం ఉందో లేదో తెలుసుకోవడానికి కొత్తవాళ్లకు మొట్టమొదట నేర్పే సూత్రం ఒకటుంది. ఎదుటి ఓడ కనిపించే దిశ మారకుండా, దూరం మాత్రం తగ్గుతూ వస్తే అది నేరుగా మీదికే వస్తున్నట్టు లెక్క. రాడార్ ఉన్నా, కంప్యూటర్ ఉన్నా, దిక్సూచితో దిశ చూసి కళ్లతో సరిచూసుకోవాల్సిందే.

సమయం ఎంత ఉంటుందో చూద్దామంటే, ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. చెరో 15 నాట్ల వేగంతో రెండు ఓడలు ఎదురెదురుగా వస్తే మధ్య దూరం గంటకు 30 నాటికల్ మైళ్ల చొప్పున కరిగిపోతుంది. 10 మైళ్ల దూరంలో చుక్కలా కనిపించిన ఓడ 20 నిమిషాల్లో ఎదురుగా ఉంటుంది. వేల టన్నుల నౌకకు కారులా బ్రేకులుండవు.

విశాఖ, కాకినాడ తీరాల దగ్గర ఇంకో చిక్కుంది. వేటకెళ్లిన చేపల పడవలు. చిన్న ఫైబర్ బోట్లు రాడార్‌లో సరిగ్గా కనబడవు. కొన్నిటికి చిన్న టార్చిలైట్ తప్ప దీపం ఉండదు. వలలు ఎంత దూరం పరిచారో తెలియదు. తీరం వదిలేటప్పుడు, తీరానికి వచ్చేటప్పుడు కొత్త ఆఫీసర్‌కు చెమటలు పట్టించేది శత్రు నౌకలు కాదు, ఈ చిన్న దీపాలే.

కెప్టెన్‌ను నిద్ర లేపాలా, వద్దా?

కొత్త ఆఫీసర్ మనసులో అన్నిటికంటే పెద్ద గుంజాటన ఇదే. తెల్లవారుజామున 2 గంటలు. ఓ ఓడ అనుకున్నదానికంటే దగ్గరికొస్తోంది. కెప్టెన్ పడుకుని గంట కూడా కాలేదు. లేపితే 'ఇంత చిన్నదానికా' అంటారేమో. లేపకపోతే?

లేపకపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచ నేవీలన్నీ చూపించే ఉదాహరణ ఒకటుంది. 2017 జూన్ 17న జపాన్ తీరంలో అమెరికా యుద్ధనౌక యూఎస్‌ఎస్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓ కంటైనర్ ఓడను ఢీకొట్టింది. అప్పుడు టైమ్ అర్ధరాత్రి దాటి 1:30. నిద్రలో ఉన్న ఏడుగురు నావికులు చనిపోయారు. నౌకలు దగ్గరికొస్తున్నా బ్రిడ్జి మీదున్న ఆఫీసర్ కెప్టెన్‌కు చెప్పలేదని దర్యాప్తులో తేలింది. రెండు నెలలకే సింగపూర్ దగ్గర యూఎస్‌ఎస్ జాన్ ఎస్ మెకెయిన్ మరో ఓడను ఢీకొని 10 మంది పోయారు. ఈ ఘటనల తర్వాత అమెరికా నేవీ తన వాచ్ వేళలను మార్చింది. నావికులకు సరిపడా నిద్ర ఉండాలని నిబంధనలు పెట్టింది.

అందుకే ఏ నౌకలోనైనా కెప్టెన్ ఆదేశాల్లో ఈ మాట తప్పకుండా ఉంటుంది. ఫలానా దూరంలోపు ఓడ వచ్చేలా ఉంటే పిలవాలి, చూపు తగ్గితే పిలవాలి, ఏ మాత్రం అనుమానమున్నా పిలవాలి. అనవసరంగా పిలిచినందుకు తిట్లు పడటం కంటే పిలవాల్సినప్పుడు పిలవకపోవడమే పెద్ద తప్పు. ఈ పాఠం మగవాళ్లకైనా, ఆడవాళ్లకైనా ఒకటే. అయితే షిప్‌లో తానొక్కతే మహిళ అయినప్పుడు 'భయపడి పిలిచిందంటారేమో' అన్న ఆలోచన ఆమెను అదనంగా వెనక్కి లాగే ప్రమాదం ఉంది. దాన్ని పక్కన పెట్టి ఫోన్ ఎత్తడం కూడా ట్రైనింగ్‌లో భాగమే.

పగలంతా సెయిలర్ల బాగోగులు

వాచ్ అయిపోతే పని అయిపోయినట్టు కాదు. ప్రతి ఆఫీసర్‌కూ ఒక విభాగం బాధ్యత ఉంటుంది. కమ్యూనికేషన్లు, ఆయుధాలు, ఇంజిన్లు, స్టోర్స్.. ఏదో ఒకటి. దాంతోపాటు కొంతమంది సెయిలర్ల మంచిచెడులు చూడాలి. సెలవులు, ప్రమోషన్ పరీక్షలు, ఇంట్లో సమస్యలు, బ్యాంకు లోన్లు అన్నీ ఆమె దగ్గరికే వస్తాయి.

ఇక్కడే అసలు పరీక్ష. ఆమె ముందు నిలబడే చీఫ్ పెట్టీ ఆఫీసర్‌కు 15, 20 ఏళ్ల సర్వీసు ఉంటుంది. ఆయన ఎక్కిన నౌకల పేర్లు కూడా ఆమెకు పూర్తిగా తెలియవు. పద్ధతి ప్రకారం ఆయన ఆమెకు సెల్యూట్ చేస్తారు, మేడమ్ అంటారు. కానీ గౌరవం సెల్యూట్‌తో రాదు. తెలియనిది తెలియదని ఒప్పుకుని, పంపు విప్పే దగ్గర తనూ చేతులకు గ్రీజు పూసుకుని నేర్చుకునే ఆఫీసర్‌ను సెయిలర్లు త్వరగా తమ మనిషి అనుకుంటారు. అన్నీ తెలిసినట్టు నటించేవాళ్లను అంతకంటే త్వరగా పసిగడతారు.

2023 మార్చిలో ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కా నుంచి 273 మంది మహిళా అగ్నివీర్లు ట్రైనింగ్ పూర్తి చేసుకుని బయటికొచ్చారు. అంటే నౌకల మీద ఇప్పుడు మహిళలు ఆఫీసర్లుగానే కాదు, సెయిలర్లుగా కూడా ఉన్నారు. తన కష్టం చెప్పుకోవడానికి ఓ మహిళా సెయిలర్‌కు మహిళా ఆఫీసర్ ఉండటం చిన్న విషయమేమీ కాదు.

ఇడ్లీ, పరోటా, టీ.. వార్డ్‌రూమ్ ముచ్చట

ఆఫీసర్లు భోంచేసే, కూర్చునే గదిని వార్డ్‌రూమ్ అంటారు. వంటగది పేరు గ్యాలీ. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లుంటారు కాబట్టి ఒకరోజు ఇడ్లీ సాంబారు, ఇంకోరోజు పరోటా. సముద్రంలోకి వెళ్లిన మొదటి రోజుల్లో తాజా కూరగాయలుంటాయి. రోజులు గడిచేకొద్దీ ఆకుకూరలు ముందు మాయమవుతాయి. తర్వాత బంగాళదుంప, ఉల్లిపాయ, పప్పు, ఫ్రీజర్‌లో పెట్టినవే దిక్కు. తెలుగింటి పిల్లలైతే పెట్టెలో ఆవకాయ సీసా లేకుండా కదలరు.

వాచ్‌లో ఉన్నవాళ్లకు భోజనం వేళలు కుదరవు. మధ్యాహ్నం 12కు వాచ్ ఎక్కేవాళ్లు 11:30కే తినేయాలి. అర్ధరాత్రి వాచ్‌లో ఆదుకునేది వేడి టీ.

వార్డ్‌రూమ్‌కు మర్యాదలున్నాయి. ఎవరు ముందు కూర్చోవాలి, ఏ బట్టల్లో రావాలి, ఏం మాట్లాడకూడదు అన్నవి అలిఖిత నియమాలు. అయినా షిప్‌లో మనసు విప్పి నవ్వుకునే చోటు కూడా ఇదే.

నీళ్లు, బాత్‌రూమ్, నెలసరి.. ఎవరూ అడగని ప్రశ్నలు

చుట్టూ సముద్రమే, తాగడానికి మాత్రం చుక్క పనికిరాదు. నౌకలోని ఆర్‌వో ప్లాంట్లు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి మంచినీళ్లు తయారు చేస్తాయి. ప్లాంట్ పాడైతే నీళ్లకు రేషన్ తప్పదు. అందుకే స్నానానికీ ఒక పద్ధతుంది. ఒంటిమీద నీళ్లు పోసుకుని కుళాయి కట్టేయాలి, సబ్బు రాసుకోవాలి, మళ్లీ తిప్పి కడుక్కోవాలి. అంతే. రెండు మూడు నిమిషాల వ్యవహారం. పొడుగు జుట్టున్నవాళ్లకు తలస్నానం ఒక ప్లాన్ ప్రకారం చేసుకోవాల్సిన పని. నౌక ఊగుతున్నప్పుడైతే ఒక చేత్తో కడ్డీ పట్టుకుని స్నానం చెయ్యాలి.

కొత్త నౌకల్లో మహిళలకు విడిగా బాత్‌రూమ్‌లున్నాయి. పాతవాటిలో ఉన్న ఒకదాన్ని వాళ్లకు కేటాయించి, తలుపుకు బోర్డు పెట్టి సర్దుబాటు చేసిన సందర్భాలు ప్రపంచంలో చాలా నేవీల్లో ఉన్నాయి. ఇనుముతో ఏళ్ల కిందట కట్టిన నౌకలో ఒక గోడ మార్చాలన్నా పైపులు, కేబుళ్లు, బరువు లెక్కలు అన్నీ చూసుకోవాలి. కష్టమైన పనే కానీ కాని పని కాదు.

నెలసరికి కావాల్సినవన్నీ తీరం వదలకముందే సర్దుకోవాలి. మధ్యలో షాపులుండవు. వాడిన ప్యాడ్‌లు టాయిలెట్‌లో వేస్తే నౌకలోని సన్నటి పైపులు మూసుకుపోతాయి. సముద్రంలోకీ విసరకూడదు. ప్లాస్టిక్ ఉన్న ఏ చెత్తనూ సముద్రంలో వెయ్యరాదని మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. యుద్ధనౌకలకు అది నేరుగా వర్తించకపోయినా వీలైనంతవరకు పాటించాలన్నది అందులోనే ఉంది. కాబట్టి విడిగా మూట కట్టి, నౌకలో కాల్చే ఏర్పాటుంటే అక్కడ, లేదంటే తీరం చేరాక అప్పగించాలి. షిప్‌లో చెత్త విషయం చూసే సెయిలర్‌కు ఈ సంగతి ఒకసారి స్పష్టంగా చెప్పుకుంటే సరి. మొహమాటపడితేనే ఇబ్బంది.

ఆరోగ్యం బాగోలేకపోతే షిప్‌లోనే వైద్య సిబ్బంది ఉంటారు. విక్రాంత్ లాంటి పెద్ద నౌకలో 16 పడకల ఆసుపత్రే ఉంది. చిన్న నౌకల్లో అంత సదుపాయం ఉండదు. పరిస్థితి విషమిస్తే హెలికాప్టర్‌లో తరలించాల్సిందే.

కడుపులో తిప్పుడు.. నెల్సన్‌కూ తప్పలేదు

బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే నౌక ఊయలే. కళ్ల ముందు గది కదలకుండా కనిపిస్తుంది. చెవి లోపలి సమతౌల్య భాగం మాత్రం కదులుతున్నామని చెబుతుంది. ఈ రెండూ కలవక మెదడు గందరగోళపడి వాంతులవుతాయి. దీనికి ఆడా మగా తేడా లేదు. బ్రిటన్ ప్రఖ్యాత అడ్మిరల్ నెల్సన్ కూడా దీంతో జీవితాంతం ఇబ్బంది పడ్డవాడే.

చిట్కాలు ఏంటంటే.. దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతను చూడాలి, ఖాళీ కడుపుతో ఉండకుండా పొడిగా కొంచెం కొంచెం తినాలి, ఊపు తక్కువగా ఉండే నౌక మధ్యభాగంలో ఉండాలి, నీళ్లు తాగుతూ ఉండాలి. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. కొందరు పక్కన బకెట్ పెట్టుకునే నాలుగు గంటల వాచ్ చేస్తారు. ఒళ్లు బాగోలేదని వాచ్ వదిలేస్తే ఆ భారం నిద్రలో ఉన్న ఇంకొకరి మీద పడుతుందని అందరికీ తెలుసు.

ఎప్పుడైనా మోగే అలారం

తింటున్నప్పుడో, పడుకున్నప్పుడో ఒక్కసారిగా అలారం మోగుతుంది. మంటలు, నీళ్లు చొరబడటం, శత్రుదాడి.. ఏదైనా కావచ్చు. ఎక్కువసార్లు అది డ్రిల్లే. కానీ మోగినప్పుడు డ్రిల్లో, నిజమో ఆలోచించే టైమ్ ఉండదు. నిమిషాల్లో ఎవరి చోట వాళ్లుండాలి. నీళ్లు చొరబడని తలుపులన్నీ మూసెయ్యాలి. సముద్రంలో మంట వస్తే ఫైరింజన్ రాదు. ఉన్నవాళ్లే ఆర్పాలి.

మనిషి సముద్రంలో పడినప్పుడు చేసే డ్రిల్ బ్రిడ్జి మీదున్న ఆఫీసర్‌కు సెకన్లతో పని. మనిషి ఏ వైపు పడితే నౌకను ఆ వైపుకే తిప్పాలి. వినడానికి వింతగా ఉన్నా కారణముంది. నౌక ముందుభాగం అటు తిరిగితే వెనక భాగం ఇటు జరుగుతుంది. దాంతో అడుగున తిరిగే ప్రొపెల్లర్లు నీళ్లలో ఉన్న మనిషికి దూరంగా పోతాయి. లైఫ్‌బాయ్ విసరాలి, ఒకరు ఆ మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా వేలితో చూపిస్తూనే ఉండాలి. అలల మధ్య మనిషి తల ఒక కొబ్బరికాయంత కనిపిస్తుంది. ఒక్కసారి కళ్లు తిప్పితే మళ్లీ దొరకడం కష్టం.

ఫోన్ సిగ్నల్ పోయాక

తీరం నుంచి కొన్ని మైళ్లు దాటితే మొబైల్ సిగ్నల్ ఉండదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ఇంట్లోవాళ్లకు చెప్పకూడని ప్రయాణాలుంటాయి. అప్పుడు ఇంటి దగ్గర అమ్మానాన్నలకు తెలిసేది ఒక్కటే.. ఫోన్ కలవట్లేదని. పండగలు, పెళ్లిళ్లు, ఒక్కోసారి అయినవాళ్ల చివరి చూపులు కూడా దాటిపోతాయి. నేవీలో చేరిన ప్రతి ఇంటికీ ఇది తెలిసిన బాధే.

వాచ్ టికెట్ ఎందుకంత ముఖ్యం?

నెలల తరబడి ఈ డ్యూటీలన్నీ చేశాక ఎగ్జిక్యూటివ్ విభాగం ఆఫీసర్‌కు బోర్డు పరీక్ష ఉంటుంది. నెగ్గితే, కెప్టెన్‌కు నమ్మకం కుదిరితే వాచ్ కీపింగ్ సర్టిఫికెట్ దక్కుతుంది. నేవీ భాషలో టికెట్. అది చేతికొస్తే నౌకను ఆమె ఒక్కతే నడిపించగలదని కెప్టెన్ సంతకం పెట్టినట్టు. కింద వందల మంది నిద్రపోతుంటే, పైన మేలుకున్న ఆఫీసర్ ఆమె.

మహిళలకు సముద్ర డ్యూటీ అందడం ఎందుకంత పెద్ద విషయమో ఇక్కడే అర్థమవుతుంది. వాచ్ టికెట్ లేనిదే నౌక మీద పెద్ద బాధ్యతలు రావు. సముద్రం మీద పనిచేసిన అనుభవం లేనిదే నౌక కమాండ్ రాదు. షిప్ ఎక్కనివ్వకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవాలి. బాత్‌రూమ్ లేదన్న కారణం చివరికి కెప్టెన్ కుర్చీని దూరం చేస్తుందన్నమాట. 2023 డిసెంబరులో లెఫ్టినెంట్ కమాండర్ ప్రేరణ దేవస్థలీని ఐఎన్‌ఎస్ త్రింకత్‌కు కమాండింగ్ ఆఫీసర్‌గా ప్రకటించినప్పుడు భారత నౌకాదళ యుద్ధనౌకకు ఒక మహిళ నాయకత్వం వహించడం మొదటిసారి అయింది.

తెలుగు అమ్మాయిలూ ముందున్నారు

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే చిన్న తెరచాప పడవలో ఆరుగురు మహిళా ఆఫీసర్లు బయల్దేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకత్వంలోని ఆ జట్టులో విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. 2025 జులైలో విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా నేవీ ఫైటర్ విభాగంలో అడుగుపెట్టిన తొలి మహిళగా నిలిచారు.

చేరాలంటే దారేంటి?

ఇంటర్ ఎంపీసీ చదివిన అమ్మాయిలకు యూపీఎస్సీ నిర్వహించే ఎన్‌డీఏ పరీక్ష ఒక మార్గం. సుప్రీంకోర్టు జోక్యంతో 2021 నుంచి అమ్మాయిలు కూడా రాస్తున్నారు. 2022లో చేరిన తొలి బ్యాచ్‌లో 17 మంది 2025 మే 30న ట్రైనింగ్ పూర్తి చేసుకుని బయటికొచ్చారు. ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లకు షార్ట్ సర్వీస్ కమిషన్ దారి ఉంది. ఏ దారిలో వచ్చినా ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, వైద్య పరీక్షలు తప్పవు. అర్హతలు, వయసు, మార్కుల వివరాలు ప్రతి నోటిఫికేషన్‌కూ మారుతుంటాయి కాబట్టి నేవీ అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోవడమే మంచిది.

ఈత రాదని వెనకాడాల్సిన పనిలేదు, ట్రైనింగ్‌లో నేర్పిస్తారు. కానీ ముక్కల నిద్ర, రెండు నిమిషాల స్నానం, నెలల తరబడి ఇంటికి దూరం.. వీటికి సిద్ధపడే ఫారం నింపాలి. ఇక తల్లిదండ్రుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న 'అమ్మాయి అక్కడ ఒంటరిగా ఉండగలదా' అన్నది. షిప్‌లో దొరకనిది సరిగ్గా అదే.. ఒంటరితనం. అక్కడ తలుపు తీస్తే ఎదురుగా ఎవరో ఒకరు డ్యూటీకి వెళ్తూనే ఉంటారు.